పొగ లేని బడి, పొగ లేని ఇల్లు: విద్యార్థులే ఆరోగ్య రక్షకులు

పొగ త్రాగుట ఆరోగ్యానికి హానికరమని తెలియని మనిషి నేడు లేడు. పెట్టె మీద అచ్చువేసిన హెచ్చరికను చూస్తూనే అగ్గిపుల్ల గీచేవారు అసంఖ్యాకులు. కనుక లోపం తెలియకపోవుటలో లేదు, తెలిసినదానిని ఆచరణలో నిలుపుకొనే శక్తి సన్నగిల్లుటలో ఉన్నది. మన శాస్త్రకారులు దీనినే ప్రజ్ఞాపరాధమన్నారు. ధీ, ధృతి, స్మృతి అనే మూడు బుద్ధిశక్తులు చెదరినపుడు మనిషి తనకు హితం కానిదానిని తానే కోరి తెచ్చుకుంటాడు. వీటిలో ధృతి, అనగా మనస్సును నిగ్రహించే బలం, బాల్య కౌమారాలలో ఇంకా లేతగా ఉంటుంది. ధూమపానం నాటుకొనేది ఆ లేత నేలలోనే. నలుబది ఏండ్ల వయస్సులో ఆయాసంతో వైద్యుని వద్దకు వచ్చే రోగికి వ్యాధిబీజం పదునాలుగవ ఏటనే పడి ఉంటుంది. కావున దీనికి తగిన చికిత్సాస్థానం ఆసుపత్రి కన్న ముందు పాఠశాల.

2016-17లో జరిగిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో వయోజనులలో నూటికి 28.6 మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ సంఖ్య నూటికి 20, తెలంగాణలో 17.8. ఇది పెద్దల సంగతి. 2019లో 13 నుండి 15 ఏండ్ల విద్యార్థులపై జరిగిన సర్వేలో దేశం మొత్తం మీద నూటికి 8.5 మంది పిల్లలు అప్పటికే పొగాకు వాడుతున్నట్లు తేలింది. 48 మంది కూర్చున్న తరగతి గదిలో నలుగురన్న మాట. ఆ నలుగురు ఎవరో ఉపాధ్యాయునికి తెలియదు, తల్లికి తెలియదు. తోటి విద్యార్థులకు మాత్రం తెలుసు. అందువల్లనే ఈ కార్యంలో విద్యార్థులను శ్రోతలుగా కాక కార్యకర్తలుగా నిలుపవలెను.

శాస్త్రోక్త ధూమపానం వేరు

"ఆయుర్వేదంలోనే ధూమపానం చెప్పారు కదా!" అని కొందరు చమత్కారంగా అంటారు. చెప్పిన మాట నిజమే. చరకసంహిత సూత్రస్థానం ఐదవ అధ్యాయంలో ధూమవర్తి ప్రస్తావన కలదు. అయితే దానిలో చేర్చేవి చందనం, ఏలకులు, వట్టివేరు, జటామాంసి, గుగ్గులు మొదలైన ద్రవ్యాలు. పొగాకు ఈ దేశపు మొక్కయే కాదు. అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసు వర్తకుల ద్వారా మన దేశానికి చేరినది. చరక, సుశ్రుత, వాగ్భటులకు దాని పేరైనా తెలియదు.

అంతేకాదు, ఔషధ ధూమానికి సైతం మన ఆచార్యులు కాలం, మాత్ర, అర్హత నిర్ణయించారు. మితిమీరి సేవించినచో చెవుడు, అంధత్వం, మాట పడిపోవుట, రక్తపిత్తం, తల తిరుగుట కలుగునని చరకుడు హెచ్చరించాడు. వాగ్భటుడు అష్టాంగహృదయంలో పదునెనిమిది ఏండ్లు నిండనివారికి ధూమపానం కూడదని స్పష్టంగా నిషేధించాడు. మన దేశంలో 2003లో వచ్చిన పొగాకు నియంత్రణ చట్టం కూడా పదునెనిమిది ఏండ్లలోపు వారికి పొగాకు ఉత్పత్తులు అమ్మరాదన్నది. సుగంధద్రవ్యాల పొగకే అంత కట్టడి విధించినవారు పొగాకును బాలుని చేతిలో చూచి ఉంటే ఏమనేవారో పాఠకులే ఊహించుకొనవచ్చును.

ఈ సందర్భంలో మరొక మాట. "మూలికా సిగరెట్టు" అనే పేరుతో అంగడిలో దొరికేవాటిని మేలైన ప్రత్యామ్నాయంగా భావించవద్దు. పొగాకు లేకపోయినా, ఆకు ఏదైనా కాలినపుడు తారు, కార్బన్ మోనాక్సైడ్ పుట్టక మానవు. అనుదినం పీల్చే పొగకు ఆయుర్వేదం పేరు తగిలించుట శాస్త్రానికి అపచారం.

లేత శరీరంపై పొగ ప్రభావం

పొగాకు రూక్ష, ఉష్ణ, తీక్ష్ణ గుణాలు కలది. వాత పిత్తాలను ప్రకోపింపజేసి, ప్రాణవహ స్రోతస్సులను ఎండగట్టి, కాస శ్వాసలకు దారితీస్తుంది. ఆధునిక విజ్ఞానం ఇదే విషయాన్ని మరో భాషలో చెబుతున్నది. పొగాకు పొగలో ఏడు వేలకు పైగా రసాయనాలున్నాయి. వాటిలో సుమారు డెబ్బది అర్బుదకారకాలు. పీల్చిన నికోటిన్ కొన్ని సెకన్లలోనే మెదడుకు చేరుతుంది. మెదడు ఎదుగుదల ఇరువది ఏండ్లు దాటిన తరువాత కూడా సాగుతూ ఉంటుంది గనుక, ఆ ఎదిగే దశలో అలవడిన నికోటిన్ పెద్దవారికంటె పిల్లలను త్వరగా, గాఢంగా కట్టివేస్తుంది. "ఒక్కసారికి ఏమవుతుంది?" అన్న ప్రశ్నకు ఇదే సమాధానం. ఒక్కసారికి ఊపిరితిత్తి చెడదు, రెండవసారికి తలుపు తెరుచుకుంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పొగాకు వల్ల ప్రపంచంలో ఏటా 70 లక్షలకు పైగా ప్రాణాలు పోతున్నాయి. స్వయంగా త్రాగకుండా, ఇతరులు వదలిన పొగను పీల్చి మరణించేవారు కూడా వీరిలో ఉన్నారు. తండ్రి వరండాలో కాలుస్తుంటే లోపల చదువుకునే బిడ్డకు మాటిమాటికి జలుబు, చెవిపోటు, పిల్లికూతలు వచ్చుటకు కారణం వేరే వెదకనక్కరలేదు.

"సిగరెట్టు పట్టుకురా, నాయనా!"

కొన్నేండ్ల క్రితం తొమ్మిదవ తరగతి చదువుతున్న ఒక బాలుని తల్లిదండ్రులు నా వద్దకు తీసుకువచ్చారు. రెండు మాసాలుగా పొడిదగ్గు, ఆకలి మందగించుట, చిరాకు. నాడి చూచుటకు వంగినపుడే వాసన తెలిసింది. తల్లిని, తండ్రిని బయట కూర్చుండబెట్టి నెమ్మదిగా అడిగితే బాలుడు దాచలేదు. తండ్రి కొరకు రోజూ దుకాణం నుండి సిగరెట్లు తెచ్చేది అతడే. ఒకనాడు దారిలో ఒకటి వెలిగించాడు. ఆపైన అలవాటయింది. తండ్రి విని నిర్ఘాంతపోయి, "మా ఇంటావంటా పిల్లలకు ఇటువంటిది లేదు, వీడికి ఎవరు నేర్పారండీ, వైద్యులుగారూ?" అన్నాడు. "దుకాణానికి దారి చూపినది మీరే కదా, నాయనా!" అన్నాను. ఆయన మరి మాట్లాడలేదు. ఆ తరువాత తండ్రీకొడుకులు ఇద్దరూ కలిసి మానుటకు పూనుకున్నారు. బాలునికి ఆరు వారాలు పట్టింది, తండ్రికి ఏడాది.

మధ్యతరగతి ఇండ్లలో ఇది నేటికీ కనిపించే దృశ్యం. బిడ్డ చేతికి నోటు ఇచ్చి సిగరెట్టు తెమ్మనుట తండ్రికి చిన్న పని. బిడ్డకు అది దీక్ష ఇచ్చినట్లు. పదునెనిమిది ఏండ్లలోపు పిల్లలకు అమ్ముట నేరం. అంతకంటె తీవ్రంగా, 2015 నాటి బాలల న్యాయ చట్టం పిల్లల చేతికి పొగాకు ఉత్పత్తులు ఇచ్చేవారికి ఏడేండ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చునన్నది. చట్టం సంగతి అటుంచి, ఈ వ్యాసం చదివిన ప్రతి తండ్రి నేటినుండి ఈ ఒక్క పని మానినా నా శ్రమ ఫలించినట్లే.

గురువు పాత్ర కూడా తక్కువది కాదు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కంలో గిరీశం వద్ద చేరిన వెంకటేశం చదువు కంటె చుట్ట కాల్చుటలోనే ప్రావీణ్యం సంపాదించాడు. నవ్వుకొనుటకు వ్రాసినదైనా అందులోని సత్యం ఘాటైనది. విరామ సమయంలో బడి గోడ వెనుక పొగ త్రాగే ఉపాధ్యాయుడు తరగతిలో వంద ఉపన్యాసాలిచ్చినా ఫలం శూన్యం.

పాఠశాల ప్రాజెక్టులు: చేసి తెలుసుకొనుట

గురుకులంలో మా గురువుగారు మూలిక గుణం చెప్పుటకు ముందు మమ్ములను తోటకు పంపి, ఆకును త్రుంచి, వాసన చూచి, రుచి చూచి రమ్మనేవారు. కంటితో, చేతితో తెలుసుకున్నది మరుపు రాదు. ఈ విషయంలో కూడా అదే పద్ధతి మేలు. పోటీ వ్యాసాలు, గోడ నినాదాలు ఒక్కరోజు పండుగగా ముగుస్తాయి. అందునా మే 31న వచ్చే పొగాకు వ్యతిరేక దినం నాటికి మన రాష్ట్రాలలో బడులకు వేసవి సెలవులు. కనుక జూన్‌లో బడి తెరచిన నాటినుండి సంక్రాంతి సెలవుల వరకు నెలకొక పనిగా ఈ క్రింది ప్రాజెక్టులు సాగించవచ్చును.

1. మొదటి చుట్ట ఎప్పుడు? ప్రతి విద్యార్థి తనకు పరిచయమున్న ముగ్గురు పెద్దలను, తాతగారినో, బాబాయినో, పొరుగువారినో వినయంగా అడిగి వ్రాసుకొనవలెను: ఏ వయస్సులో మొదలయింది, ఎవరు ఇచ్చారు, మానాలని ఎన్నిసార్లు అనుకున్నారు. పేర్లు వ్రాయరాదు. తరగతిలో అందరి సమాధానాలు కలిపి పట్టిక వేస్తే బోధపడేది ఒకటే: అధికసంఖ్యాకులు మొదలుపెట్టినది తమ వయస్సులోనే, ఇచ్చినవాడు స్నేహితుడే, మానాలని అనుకోనివారు అరుదు. ఏ ఉపన్యాసమూ ఇంత పని చేయదు.

2. నూరు గజాల కొలత. విద్యాసంస్థకు నూరు గజాల లోపల, అనగా సుమారు 91 మీటర్ల లోపల, పొగాకు అమ్మరాదని 2003 చట్టం నిర్దేశించినది. ఎనిమిదవ తరగతి పిల్లలు త్రాడుతో కొలిచి, బడి చుట్టూ పటం గీసి, దుకాణాలను గుర్తించవచ్చును. గణితం, భూగోళం రెండూ అభ్యాసమవుతాయి. పటాన్ని ప్రధానోపాధ్యాయులు సంబంధిత అధికారులకు పంపుతారు. దుకాణదారుతో పిల్లలు వాదనకు దిగరాదు. అది పెద్దల బాధ్యత.

3. సీసా ప్రయోగం. అడుగున రంధ్రం ఉన్న ప్లాస్టిక్ సీసాలో నీరు నింపి, మూతిలో దూదిని, సిగరెట్టును అమర్చి వెలిగించి, రంధ్రం తెరిస్తే నీరు కారే కొద్దీ పొగ లోపలికి వస్తుంది. తెల్లని దూది గోధుమవర్ణంలోకి మారుట పిల్లలు చూస్తారు. దీనిని విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులే ఆరుబయట చేసి చూపవలెను. పిల్లలు గాలికి ఎదురుదిశలో దూరంగా నిలువవలెను.

4. ఇంటి లెక్క. రోజుకు 50 రూపాయలు పొగకు ఖర్చయితే ఏడాదికి 18,250. పదేండ్లకు లక్షా ఎనభై రెండు వేల ఐదు వందలు. ఆ సొమ్ముతో ఏమి కొనవచ్చునో పిల్లలే వ్రాయవలెను.

5. వద్దనే విద్య. స్నేహితుడు ఇవ్వజూపినపుడు కాదనుట పిల్లలకు కష్టం. "మగవాడివేనా?" అన్న ఎత్తిపొడుపుకు జవాబు ముందుగా సిద్ధంగా లేకపోతే చేయి చాచుతారు. కనుక చిన్న నాటికగా దీనిని అభ్యసించవలెను. బుర్రకథ తెలిసిన ఊళ్లలో హాస్యగాని పాత్రకు ఇంతకంటె మంచి సరుకు లేదు.

కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 2019లో పొగాకు రహిత విద్యాసంస్థలకు మార్గదర్శకాలు విడుదల చేసినది. బడి లోపల హెచ్చరిక బోర్డులు, బాధ్యులుగా ఉపాధ్యాయులను, తొమ్మిదవ తరగతి మొదలు విద్యార్థులను నియమించుట, ఆరు మాసాలకు ఒకసారైనా అవగాహన కార్యక్రమం, నూరు గజాల హద్దు గుర్తించుట మొదలైనవి అందులో ఉన్నాయి. తల్లిదండ్రుల సమావేశంలో "మన బడిలో ఇవి అమలవుతున్నాయా?" అని ఒకరు అడిగితే చాలు, పని కదులుతుంది. అలాగే 2019లోనే మన దేశంలో ఎలక్ట్రానిక్ సిగరెట్ల తయారీ, అమ్మకాలు నిషేధించబడ్డాయి. అవి కలం వలె, పెన్‌డ్రైవ్ వలె కనిపిస్తాయి గనుక పిల్లల సంచిలో ఉన్నా పెద్దలు గుర్తుపట్టలేకపోవచ్చును. జాగరూకత అవసరం.

బడి దాటి: ఊరు, ఉపాధి

మన నేలకు, పొగాకుకు ఉన్న బంధం చిన్నది కాదు. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులో ఉన్నది. ప్రకాశం జిల్లాలో వర్జీనియా పొగాకు ఎందరో రైతుల జీవనం. నిజామాబాదు, కరీంనగర్ ప్రాంతాలలో తునికాకులో పొగాకు చుట్టి బీడీలు చేసే స్త్రీలు వేలాదిమంది. బిడ్డ బడి ఫీజు ఆ బీడీల కట్టల నుండే వచ్చే ఇండ్లున్నాయి. అటువంటి బిడ్డను తరగతిలో నిలబెట్టి, "మీ అమ్మ చేసేది విషం" అనుట క్రౌర్యం. పొగాకును నిందించవచ్చును, పొగాకుతో బ్రతుకుతున్న పేదను నిందించరాదు. ఆ పిల్లలే తమ ఇంటి విషయాలు చక్కగా పరిశీలించగలరు: బీడీలు చుట్టే తల్లికి దగ్గు, కండ్ల మంట, నడుమునొప్పి ఎంత, పొగాకు ధూళి పసిపాప ఊయల వద్దకు చేరుతున్నదా, పొలంలో తడి ఆకు తాకిన రోజున తండ్రికి వాంతులు, తలతిరుగుడు వస్తున్నదా. బీడీ పనిని వంటగదికి, పసిపిల్లలకు దూరంగా పెట్టుట, ముక్కుకు గుడ్డ కట్టుకొనుట, తడి ఆకును చేతితొడుగు లేకుండా పట్టకుండుట, పని తరువాత చేతులు సబ్బుతో కడుగుకొనుట. ఇవి ఆ ప్రాజెక్టు ఫలితాలు కావలెను.

శ్రీకాకుళం, విశాఖపట్నం తీరప్రాంతాలలో "అడ్డపొగ" అలవాటు మరొకటి. నిప్పు ఉన్న కొసను నోటిలోనికి పెట్టుకొని చుట్ట కాల్చుట. స్త్రీలలో ఎక్కువ. దీనివల్ల అంగిట్లో మచ్చలు, పుండ్లు, అర్బుదం కలుగుట వైద్యలోకానికి దశాబ్దాలుగా తెలిసినదే. అక్కడి విద్యార్థులు అమ్మమ్మ, నాయనమ్మలను నోరు తెరచి చూపమని బ్రతిమాలి, తెల్లని మచ్చగాని, మానని పుండుగాని ఉంటే ఆసుపత్రికి తోడ్కొని పోగలిగితే, ప్రాణం నిలిపినవారవుతారు.

మానదలచిన పెద్దలకు: పిల్లలు తోడుగా

బిడ్డ తండ్రికి తోడుగా ఉండవలెనే గాని రక్షకభటుడు కారాదు. నలుగురిలో నిలదీయుట, పెట్టెలు దాచుట, అలుగుట వల్ల తండ్రి చాటుగా కాలుస్తాడు, అంతే. ప్రేమతో ఒక ఉత్తరం వ్రాయుట మేలు.

అయ్యప్ప దీక్ష పట్టినవారు మండలకాలం, 41 రోజులు, పొగ జోలికి పోరు. తిరుమల కొండ మీద ఉన్నన్నాళ్లూ పొగాకు ముట్టరు. అంటే మానగలరు! మానిన తరువాత మొదటి మూడు నాలుగు వారాలే మిక్కిలి కష్టం. దీక్షాపరుడు ఆ ఘట్టాన్ని దాటివేసినవాడే. మాల తీసిన మరునాడు, ఆ నలుబది రెండవ రోజున, ఏమి చేయవలెనో ముందుగా నిశ్చయించుకొననందువల్లనే మరల వెనుకకు జారుతాడు. ఇంటిల్లిపాదీ ఆ రోజుకు సిద్ధంగా ఉండవలెను.

ఒక్కసారిగా మానగలవారు అట్లే మానవలెను. చేతకానివారికి చరకుడు అహితమైన అలవాటును పాదం పాదంగా విడువవలెనని సూచించాడు. రోజుకు 12 బీడీలు కాల్చేవారు మొదట 9కి దిగి నాలుగైదు రోజులు నిలిచి, పిదప 6, పిదప 3, పిమ్మట పూర్తిగా. పూర్తిగా మానే తేదీని ముందే క్యాలెండరుపై గుర్తించి, బిడ్డ చేత రోజువారీ పట్టిక వ్రాయించవలెను. తేదీ లేని తగ్గింపు తిరిగి పెరుగుతుంది.

కోరిక పుట్టినపుడు అది కొన్ని నిమిషాలలో తగ్గిపోతుంది. ఆ నిమిషాలకు గృహౌషధాలివి:

ముఖవాసం: సోంపు 50 గ్రాములు, ధనియాల పప్పు 50 గ్రాములు, వాము 10 గ్రాములు దోరగా వేయించి, చిటికెడు సైంధవ లవణం కలిపి చిన్న డబ్బాలో జేబులో ఉంచుకొనవలెను. కోరిక కలిగినపుడు అరచెంచా నమలవలెను.

ఎండు ఉసిరి: ఉసిరి ముక్కలకు సైంధవ లవణం, కొద్దిగా శొంఠి పొడి పట్టించి ఎండబెట్టి, ఒక్కొక్క ముక్క బుగ్గన పెట్టుకొనవలెను.

కషాయం: తులసి ఆకులు పది, అల్లం చిన్న ముక్క, మిరియాలు మూడు, గ్లాసు నీటిలో సగమయ్యే వరకు మరిగించి, గోరువెచ్చగా త్రాగవలెను. మానిన తొలివారాలలో వచ్చే దగ్గు, కఫానికి ఉపశమనం. కడుపులో మంట ఉన్నవారు మిరియాలు మానవలెను.

వీటితోపాటు వేకువనే నడక, గోరువెచ్చని నీరు, పది నిమిషాలు నిదానంగా దీర్ఘశ్వాస. కాఫీ త్రాగిన వెంటనే పొగ అలవాటున్నవారు కొన్నాళ్లు మజ్జిగకు మారుట మంచిది. ఇవి కోరికను తప్పించుటకు తోడ్పడేవే గాని వ్యాధికి మందులు కావు. మూడు వారాలు దాటిన దగ్గు, కఫంలో రక్తం, మానని నోటిపుండు, ఛాతీనొప్పి ఉంటే గృహవైద్యంతో కాలయాపన చేయక ఆసుపత్రికి పోవలెను. పొగాకు మానదలచినవారికి సలహా ఇచ్చుటకు ప్రభుత్వం 2016లో ప్రారంభించిన 1800-11-2356 అనే ఉచిత ఫోను సౌకర్యం కూడా కలదు.

మానిన ఫలం ఎంతో దూరంలో లేదు. ఇరువది నిమిషాలలో గుండె వేగం తగ్గుతుంది. ఒక రోజు గడిచేసరికి రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ సాధారణ స్థితికి వస్తుంది. ఏడాదికి గుండెజబ్బు ప్రమాదం దాదాపు సగమవుతుంది. పదేండ్లకు ఊపిరితిత్తుల అర్బుద ప్రమాదం సుమారు సగానికి దిగుతుంది. ఈ నాలుగు మాటలు కాగితం మీద పెద్ద అక్షరాలతో వ్రాయించి, ఇంట్లో అందరికీ కనిపించే చోట బిడ్డ చేతనే అంటించండి. సంకల్పం సడలిన రోజున ఆ చేతివ్రాత పెట్టె మీది హెచ్చరిక కంటె గట్టిగా పలుకుతుంది.